చలిలో పెడితేనే వినపడే రేడియో

పోయిన నెల చిలీలోని ఆల్మా టెలిస్కోపు గురించి రాస్తూ, "దాని రిసీవర్లు మైనస్ 269 డిగ్రీల చలిలో పనిచేస్తాయి" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ వాక్యం మీదే. ఎందుకంత చలి, ఎలా తెస్తారు, అసలు అవసరమా అని. తప్పు నాదే. విదేశంలో ఒక రేడియో అబ్జర్వేటరీలో 22 ఏళ్లపాటు ఈ చలిపెట్టెలు విప్పడం, బిగించడం తప్ప వేరే పని చేయనివాణ్ని. ఆ సంగతే ఒక్క ముక్కలో దాటేస్తే ఎలా? బాపట్ల వచ్చి స్థిరపడ్డాక ఆ పని గురించి నన్ను అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు అడిగారు కనుక కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

ప్రశ్న: రేడియో టెలిస్కోపు అంటే ఒక పెద్ద డిష్, దానికో యాంటెన్నా, ఒక యాంప్లిఫయర్. మా డాబా మీది టీవీ డిష్‌కీ అవే ఉన్నాయి. రోహిణి ఎండల్లో కూడా బొమ్మ బాగానే వస్తుంది. మరి వీళ్ల యాంప్లిఫయర్‌కి చలి ఎందుకు? మా ఇంటర్ పిల్లలు అడిగితే "సున్నితమైన పరికరం కదా" అని తప్పించుకున్నాను.
– ఫిజిక్స్ లెక్చరర్, నరసరావుపేట

జవాబు: మాస్టారూ, మీ టీవీ డిష్‌కి సిగ్నల్ పంపే ఉపగ్రహాన్ని మనకోసమే పైన పెట్టారు. అది 36,000 కిలోమీటర్ల దూరం నుంచి మన దేశం వైపు తిరిగి గట్టిగా అరుస్తుంటుంది. గెలాక్సీలు మనకోసం అరవవు. తేడా అంతా అక్కడే.

వేడిగా ఉన్న ప్రతి వస్తువులోనూ ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండవు, అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఆ కదలికే రేడియోలో హోరుగా వినపడుతుంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్సన్ దీన్ని కొలిచాడు, నైక్విస్ట్ లెక్క కట్టాడు. ఇద్దరి పేపర్లూ 1928లో వచ్చాయి. సారాంశం ఇంతే: బ్యాటరీకి కలపకుండా బల్ల మీద ఊరికే పడి ఉన్న రెసిస్టరు కూడా హోరుమంటుంది, ఆ హోరు దాని ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. అందుకే మా రంగంలో రొదని కెల్విన్లలోనే (మైనస్ 273 డిగ్రీలను సున్నాగా పెట్టుకుని లెక్కించే డిగ్రీలు) చెప్పుకుంటాం. "ఈ యాంప్లిఫయర్ నలభై కెల్విన్లు" అంటే అది నలభై కెల్విన్ల వేడిలో ఉందని కాదు, నలభై కెల్విన్ల వస్తువు ఎంత హోరుమంటుందో అంత రొద తనవైపు నుంచి కలుపుతోందని అర్థం.

ఇప్పుడు గెలాక్సీ వైపు లెక్క చూద్దాం. ఆకాశంలో రేడియో తరంగాలు వెదజల్లే వాటిని మూలాలు అంటాం, వాటి తీవ్రతకు కొలమానం జాన్స్కీ. పాలపుంత నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని 1933లో ప్రకటించిన కార్ల్ జాన్స్కీ పేరు అది. ఒక జాన్స్కీ అంటే మాకు బాగా గట్టి మూలం కిందే లెక్క. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్‌లో 100 మీటర్ల డిష్ ఉంది. అంత డిష్‌ని ఒక జాన్స్కీ మూలం వైపు తిప్పితే రిసీవర్‌లో పెరిగేది సుమారు 2 కెల్విన్లు. రోజూ వెతికే మూలాలు మిల్లీజాన్స్కీల్లో ఉంటాయి, అంటే అందులో వెయ్యో వంతు. 0.002 కెల్విన్లు. దాన్ని పట్టుకోవాల్సిన యాంప్లిఫయర్ తానే నలభై కెల్విన్ల హోరు పెడుతుంటే, రైతుబజార్లో నిలబడి పక్కవాడి చేతి గడియారం టిక్కుటిక్కు వినాలన్నట్టు ఉంటుంది.

అదే యాంప్లిఫయర్‌ని 15 కెల్విన్లకు, అంటే మైనస్ 258 డిగ్రీలకు చల్లబరిస్తే ఆ నలభై కాస్తా నాలుగైదుకి దిగుతుంది. నేను చాలాసార్లు కళ్లారా చూసినదే అయినా, తెర మీద ఆ గీత కిందికి జారడం చూస్తే ప్రతిసారీ ముచ్చటగానే ఉండేది. అయితే అన్ని ట్రాన్సిస్టర్లూ ఈ చలికి ఓర్చుకోవు. మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో కరెంటు మోసే ఎలక్ట్రాన్లు ఆ చలికి తమ పరమాణువులకే అతుక్కుపోతాయి, అది చచ్చినట్టే. 1980లో వచ్చిన హెమ్ట్ అనే రకంలో ఎలక్ట్రాన్లు వేరే పొరలో స్వేచ్ఛగా ఉంటాయి కనుక చలిలో ఇంకా చురుగ్గా పరిగెడతాయి. 1989 ఆగస్టులో నాసా వ్యోమనౌక వాయేజర్ 2 నెప్ట్యూన్ పక్కనుంచి వెళ్లినప్పుడు, న్యూ మెక్సికోలోని వీఎల్‌ఏ టెలిస్కోపు 27 డిష్‌లకూ ముందుగానే ఇలాంటి చల్లబరిచిన రిసీవర్లు బిగించారు. నాలుగున్నర వందల కోట్ల కిలోమీటర్ల అవతల ఇరవై చిల్లర వాట్ల ట్రాన్స్‌మిటర్. మన వంటింటి బల్బుకి కాస్త ఎక్కువ. దాని మాట వినడానికి కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ 70 మీటర్ల డిష్‌కి ఈ 27 తోడయ్యాయి.

ఇంకో మాట, మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. యాంప్లిఫయర్ ఒక్కదాన్నే చల్లబరిస్తే చాలదు. దానికి ముందున్న కేబుల్ ముక్క వచ్చే సిగ్నల్‌లో 2 శాతం మింగేసిందనుకోండి. పోయింది 2 శాతమే కదా అనిపిస్తుంది. కానీ మింగే ప్రతి వస్తువూ అంతే నిష్పత్తిలో తన హోరు వెనక్కి కక్కుతుంది. గది వేడి 300 కెల్విన్లు, అందులో 2 శాతం అంటే 6 కెల్విన్లు. నానా తిప్పలూ పడి యాంప్లిఫయర్‌ని ఐదుకి దింపితే, జానెడు కేబుల్ ఆరు కలిపేస్తుంది! అందుకే వీలైనన్ని ముందు భాగాలను కూడా ఆ చలిపెట్టెలోనే పెడతారు.

ఈ కెల్విన్ల కూడికలు ఎంత దూరం తీసుకెళ్తాయో చెప్పే కథ ఒకటుంది. 1964–65లో న్యూ జెర్సీలోని హోమ్‌డెల్‌లో పెంజియాస్, విల్సన్ ఒక కొమ్ము ఆకారపు యాంటెన్నాని నడినెత్తి ఆకాశం వైపు తిప్పి కొలిచారు. 6.7 కెల్విన్లు వచ్చింది. వాతావరణం వల్ల 2.3, యాంటెన్నా లోపలి నష్టం, నేల వేడి కలిపి 0.9. అవి తీసేస్తే 3.5 మిగిలింది. దానికి ఖాతా లేదు. యాంటెన్నాలో గూడు కట్టిన పావురాలను తరిమారు, రెట్టలు కడిగారు, అతుకులకు టేపు వేశారు. తగ్గలేదు. అది విశ్వం పుట్టిన తొలినాళ్ల వేడి మిగులు. ఇప్పటి కొలత 2.725 కెల్విన్లు. 1978లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. పావురాల కథ అందరూ చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ద్రవ హీలియం కథ. యాంటెన్నా పక్కనే ద్రవ హీలియంలో ముంచిన, ఎంత హోరుమంటుందో ముందే తెలిసిన ఒక నమూనా పెట్టుకుని, అటు ఒకసారి ఇటు ఒకసారి స్విచ్ తిప్పుతూ కొలిచారు వాళ్లు. తూకం రాయి సరిగ్గా ఉంది కాబట్టే ఆ మూడున్నర కెల్విన్లను "ఏదో పొరపాటులే" అని వదిలేయలేకపోయారు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. రొదని సాఫ్ట్‌వేర్‌తో తీసేయడం ఇవాళ పెద్ద పని కాదు, ఫోన్లో మాట్లాడేటప్పుడు వెనకాల ట్రాఫిక్ మోత తీసేస్తున్నాం కదా. ఈ ఫ్రిజ్‌ల ఖర్చు ఎందుకు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ట్రాఫిక్ మోత వేరు, మనిషి గొంతు వేరు. వాటి పోలికలు తెలుసు కాబట్టి విడదీయగలుగుతున్నారు. గెలాక్సీ నుంచి వచ్చేది కూడా హోరే బాబూ. యాంప్లిఫయర్ హోరు, ఆకాశం హోరు పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడానికి వాటి ముఖాన గుర్తేమీ ఉండదు. చేయగలిగింది ఒక్కటే: ఎక్కువసేపు విని సగటు తీయడం. అందులోనే చిక్కుంది. రొద మూడింతలైతే వినాల్సిన సమయం మూడింతలు కాదు, తొమ్మిదింతలు. మొత్తం రొద 20 కెల్విన్లున్న రిసీవర్‌తో పది రాత్రుల్లో అయ్యే పని, 60 కెల్విన్ల దానితో తొంభై రాత్రులు. టెలిస్కోపులో ఒక్క రాత్రి కోసం శాస్త్రవేత్తలు దరఖాస్తులు పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూస్తారు. మిగిలిన ఎనభై రాత్రుల ఖరీదు ముందు నా ఫ్రిజ్ ఖరీదు ఏపాటిది?

చైనాలో గ్విజౌ కొండల మధ్య 500 మీటర్ల ఫాస్ట్ టెలిస్కోపు ఉంది. ప్రపంచంలో అంత పెద్ద డిష్ ఇంకొకటి లేదు. వాళ్లు కూడా దానికి బిగించిన ఒకేసారి ఆకాశంలో 19 చోట్లు చూసే రిసీవర్‌ని చల్లబరిచి, మొత్తం రొదని సుమారు 20 కెల్విన్లకు తెచ్చుకున్నారు. డిష్ పెద్దది కదా, చలి అక్కర్లేదులే అనుకోలేదు.

సున్నా దాకా ఎందుకు తీసుకెళ్లరని మీరు మళ్లీ రాస్తారు, తెలుసు. ఆకాశం వంతు 2.7, గాలి వంతు రెండు మూడు, డిష్ అంచు దాటి నేల వేడి కొంత. ఇవి మన చేతిలో లేవు. యాంప్లిఫయర్‌ని ఐదు నుంచి ఒకటికి దింపడానికి పడే కష్టం, ఆ మొత్తంలో పెద్దగా కనపడదు.

ప్రశ్న: సార్, నేను ఏసీ మెకానిక్‌ని. ఐటీఐ చదివాను. మైనస్ 258 అంటే నమ్మబుద్ధి కావడం లేదు. అందులో ఏ గ్యాస్ వాడతారు? కంప్రెసర్ మామూలుదేనా? గ్యాస్ లీకైతే ఎలా పడతారు?
– విజయవాడ

జవాబు: తమ్ముడూ, ఈ నెల నాకు బాగా నచ్చిన ఉత్తరం నీది. మా నాన్న బాపట్లలో ఐసు ఫ్యాక్టరీలో ఫిట్టర్. నిజాంపట్నం రేవుకు చేపల ఐసు అక్కడి నుంచే వెళ్లేది. అమోనియా కంప్రెసర్ మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ వాల్వు పాడైందో చెప్పేవాడు. నేను అదే పని వేరే దేశంలో, ఇంకా ఎక్కువ చలిలో చేశాను. నువ్వు కూడా చేయగలవు.

నీ ఏసీలో గ్యాస్ ఒకచోట ద్రవమై, ఇంకోచోట ఆవిరవుతుంది. ఇక్కడ వాడేది హీలియం. మొదటి నుంచి చివరిదాకా అది గ్యాస్‌గానే ఉంటుంది, ఎక్కడా ద్రవం కాదు. కంప్రెసర్ బయట ఉంటుంది, నీకు తెలిసిన కంప్రెసర్లాంటిదే. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కుతుంది కదా, అలాగే నొక్కిన హీలియం వేడెక్కుతుంది. ఆ వేడిని నీళ్లతోనో ఫ్యాన్‌తోనో తీసేసి, స్టీలు గొట్టంలో డిష్ మీదికి పంపుతాం. పనిలేనప్పుడు కూడా లైన్లో 250 పౌండ్ల ఒత్తిడి దాకా ఉంటుంది. హీలియం 99.999 శాతం స్వచ్ఛంగా ఉండాలి, "ఐదు తొమ్మిదులు" అంటాం. ఎందుకంత పట్టింపు అంటే, హీలియం తప్ప ఏది లోపలికి వెళ్లినా ఆ చలికి గడ్డకట్టి దారి మూసేస్తుంది. కంప్రెసర్ నూనె ఆవిరైనా సరే. అందుకే నూనెను పీల్చే బొగ్గు డబ్బా ఒకటి లైన్లో ఉంటుంది, గంటలు లెక్కపెట్టుకుని దాన్ని మార్చాలి. ఇది వాయిదా వేసినవాడు తర్వాత ఏడుస్తాడు.

డిష్ మీద ఉండేది కోల్డ్ హెడ్. పొడుగాటి సిలిండరు, లోపల నెమ్మదిగా కిందికీ పైకీ కదిలే ముషలకం. అది ఒక చివర ఉన్నప్పుడు వాల్వు తెరుచుకుని ఒత్తిడిగా హీలియం లోపలికి వస్తుంది. ఇంకో వాల్వు తెరుచుకోగానే ఒక్కసారిగా ఒత్తిడి పడిపోయి గ్యాస్ వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. సెకనుకి ఒకసారి అటూ ఇటుగా. చఫ్... చఫ్... చఫ్. దీన్ని గిఫర్డ్–మెక్‌మహాన్ పద్ధతి అంటారు. కీలకం ఆ ముషలకం పొట్టలో ఉంది. అందులో సన్నటి లోహపు జాలీ కూరి ఉంటుంది. లోపలికి వెళ్లే గ్యాస్ తన వేడిని ఆ జాలీలో వదిలేస్తుంది. చల్లబడి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఆ వేడినే తీసుకుని బయటికి పోతుంది. గుడి బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, వచ్చేటప్పుడు అవే చెప్పులు తొడుక్కున్నట్టు. వేడి అనే చెప్పులు గర్భగుడి దాకా వెళ్లవు.

కోల్డ్ హెడ్‌కి రెండు అంతస్తులు. మొదటి అంతస్తులో 70 కెల్విన్ల చుట్టుపక్కలకు దిగుతుంది. రెండో అంతస్తులో 15కి. రెండో అంతస్తులో జాలీ పనిచేయదు, ఎందుకంటే అంత చలిలో రాగిలాంటి లోహాలు వేడిని పట్టుకునే శక్తి కోల్పోతాయి. సీసానికి ఆ శక్తి ఇంకా కొంత మిగిలి ఉంటుంది. అందుకే అక్కడ సన్నటి సీసం గుళ్లు పోస్తారు. ఇంకా కిందికి, 4 కెల్విన్లకు వెళ్లాలంటే సీసం కూడా చాలదు. ఎర్బియం, హోల్మియం లాంటి అరుదైన లోహాల మిశ్రమాలు కావాలి. ఆల్మాకి ఆ 4 కెల్విన్లు తప్పనిసరి. వాళ్ల మిక్సర్లు (వచ్చిన తరంగాన్ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దింపే భాగాలు) నయోబియంతో చేసిన అతివాహకాలు, అంటే చలిలో కరెంటుకి అడ్డే చెప్పనివి. 9.2 కెల్విన్లు దాటితే నయోబియం మామూలు లోహమైపోతుంది. అక్కడ చలి తగ్గితే రిసీవర్ పనితనం తగ్గడం కాదు, పని చేయడమే మానేస్తుంది.

నీకు నవ్వొచ్చే లెక్క ఒకటి చెబుతాను. కంప్రెసర్ కొన్ని వేల వాట్ల కరెంటు తింటుంది. ఆ చివర తీసే వేడి 15 కెల్విన్ల దగ్గర కొన్ని వాట్లు, 4 కెల్విన్ల దగ్గర ఒకటో రెండో వాట్లు. కాబట్టి బయటి వేడి ఒక్క వాటు కూడా దొంగతనంగా లోపలికి రాకూడదు. రిసీవర్ అంతా డ్యూవార్ అనే పెట్టెలో ఉంటుంది, పెద్ద ఫ్లాస్కు అనుకో. గాలి మొత్తం లాగేస్తాం. లోపల 70 కెల్విన్ల దగ్గర ఒక అల్యూమినియం తొడుగు ఉంటుంది. గది వేడిని వెదజల్లే గోడతో పోలిస్తే ఆ తొడుగు వెదజల్లేది మూడువందో వంతుకంటే తక్కువ. మెరిసే ప్లాస్టిక్ పొరలు చుట్టడం, ఫైబర్‌గ్లాస్ కాళ్ల మీద నిలబెట్టడం, రాగికి బదులు సన్నటి స్టీలు కేబుల్ వాడటం, అన్నీ ఆ దొంగ వేడిని ఆపడానికే. రేడియో తరంగం లోపలికి రావడానికి మాత్రం సన్నటి ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది.

ఒక తమాషా ఏమిటంటే, పెట్టె చల్లబడ్డాక వాక్యూమ్ పంపు విప్పేస్తాం. మిగిలిన కాస్త గాలి ఆ చల్లటి గోడలకే మంచులా అంటుకుపోతుంది, పెట్టె తనకు తానే పంపవుతుంది. అంత సులభంగా గడ్డకట్టని హైడ్రోజన్, హీలియం అణువుల కోసం ఒక రేకు మీద బొగ్గు అతికిస్తారు. మంచి రకం బొగ్గు కొబ్బరి చిప్పలతో చేసిందే. ఆ డబ్బా మొదటిసారి విప్పినప్పుడు నాకు కోనసీమ గుర్తొచ్చింది, పక్కనున్న తెల్లాయనకి చెప్పినా అర్థం కాలేదు.

ఇక లీకు. హీలియం వైపు లీకైతే కంప్రెసర్ మీది మీటర్ చెబుతుంది, నీకు తెలిసిన సబ్బు నురగ పద్ధతి మాకూ ఉంది. గాలి లోపలికి వచ్చే లీకు అసలు టెన్షన్. ఒక చలికాలం నేను సర్వీసు చేసి బిగించిన పెట్టె 15 కెల్విన్ల దగ్గర బుద్ధిగా నిలబడింది. పది రోజులకు 16. ఇంకో వారానికి 19. ఎక్కడో లీకు మొదలైందన్నమాట. పెట్టెని డిష్ మీద నుంచి దింపాం. బయట మోకాలి లోతు మంచు. ల్యాబులో లీక్ డిటెక్టర్ తగిలించి, సన్నటి గొట్టంతో హీలియం ఊదుతూ అతుకు అతుకూ వెతికాం. ఎక్కడ లోపలికి దూరితే అక్కడ మీటర్ ఎగురుతుంది. పై మూత దగ్గర ఎగిరింది. మూత విప్పితే ఓ-రింగ్ (మూత కింద గాలి చొరబడకుండా పెట్టే రబ్బరు వలయం) మీద అడ్డంగా ఒక వెంట్రుక. తెల్లది. ఆ ల్యాబులో తెల్లజుట్టు ఉన్నది నాకొక్కడికే. ఎవరూ ఏమీ అనలేదు, మర్నాడు నా బల్ల మీద వంటవాళ్లు పెట్టుకునే నెట్ టోపీ ఒకటి ఉంది. రిటైరయ్యేదాకా అది పెట్టుకునే పనిచేశాను.

కరెంటు పోయినా అంతే కష్టం. కొన్ని గంటలు కంప్రెసర్ ఆగితే గోడలకు అంటుకున్న గాలి మంచు అంతా కరిగి మళ్లీ గాలవుతుంది. ఫ్లాస్కు ఇక ఫ్లాస్కు కాదు. మళ్లీ పంపు పెట్టి లాగి, మళ్లీ చల్లబరచాలి. రెండు రోజులు పోయినట్టే. ఐసు ఫ్యాక్టరీలో కరెంటు పోతే మా నాన్న ముఖం ఎలా ఉండేదో, రాత్రి పూట ఫోన్ మోగితే నా ముఖం అలాగే ఉండేదని మా ఆవిడ అంటుంది.

ప్రశ్న: మాది హిందూపురం. పక్కనే గౌరీబిదనూరులో రేడియో టెలిస్కోపు చూసి వచ్చాం. పొలంలో వరసగా కర్రలు, వైర్లు తప్ప అక్కడ ఏ ఫ్రిజ్జూ కనిపించలేదు. మన వాళ్ల దగ్గర డబ్బు లేకనా?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: కాదమ్మా. అక్కడ అవసరం లేక. పాలపుంత తనే రేడియోలో హోరుమంటుంది, ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఆ హోరు విపరీతంగా పెరుగుతుంది. 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశం నాలుగైదు కెల్విన్లే. 150 దగ్గర ప్రశాంతంగా ఉన్న దిక్కున కూడా 300 దాకా ఉంటుంది. గౌరీబిదనూరు పాత టెలిస్కోపు వినేది 34.5 మెగాహెర్ట్జ్, అక్కడ పదివేల కెల్విన్లు దాటిపోతుంది. ఆకాశమే అంత గోల పెడుతుంటే మన యాంప్లిఫయర్ నలభై అయినా నాలుగైనా ఎవరికి కావాలి?

పుణె జిల్లా ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు కూడా అంతే. 45 మీటర్ల డిష్‌లు 30, ఒక్కదానికీ ఈ చలిపెట్టె లేదు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర యాంప్లిఫయర్ 40, ఆకాశం 300 కలిపి 340 అనుకో. కష్టపడి 40ని 10 చేస్తే 310. ముప్ఫై చోట్ల కంప్రెసర్లు, కరెంటు, గొట్టాలు, నాలాంటి మనుషులు, ఇంతా చేసి మిగిలేది పదో వంతుకంటే తక్కువ. తక్కువ ఫ్రీక్వెన్సీలను ఎంచుకోవడంలోనే దాన్ని కట్టించిన గోవింద్ స్వరూప్ గారి తెలివి ఉంది. వెయ్యి మెగాహెర్ట్జ్ పైన వాళ్లకీ చలి ఉంటే లాభమే, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. దక్షిణాఫ్రికాలో కడుతున్న ఎస్‌కేఏ అనే రేడియో టెలిస్కోపు డిష్‌లలో ఇదే లెక్క కనిపిస్తుంది. అన్నిటికంటే తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్ రిసీవర్‌ని మామూలు వేడిలోనే ఉంచి, దాని పై బ్యాండ్‌ని చల్లబరుస్తున్నారు. ఆ ప్రాజెక్టులో మన దేశానికీ భాగం ఉంది.

నా రంగం కనుక చలినే పొగడాలి. కానీ అవసరం లేని చోట ఫ్రిజ్ పెట్టడం, ఎండాకాలం స్వెట్టర్ అమ్మడం ఒకటే.

ప్రశ్న: మా సూళ్లూరుపేటలో క్రయోజెనిక్ అంటే జీఎస్ఎల్‌వీ ఇంజినే. మీ చలిపెట్టెలనీ క్రయోజెనిక్ అనే అంటారట, రెండూ ఒకటేనా?
– రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్

జవాబు: మాట ఒకటే, చలి ఇంచుమించు ఒకటే, పని వేరు. 2014 జనవరి 5న శ్రీహరికోట నుంచి మన సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో జీఎస్ఎల్‌వీ మొదటిసారి గెలిచినప్పుడు, దానిలో ఉన్నవి మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్. అక్కడ చలి ఇంధనాన్ని ద్రవంగా ఉంచి తక్కువ చోటులో సర్దడానికి. నిమిషాల్లో కాలిపోతుంది. మా చలి ఏళ్ల తరబడి అలాగే ఉండాలి, దేన్నీ కాల్చదు.

ప్రశ్న: హీలియం మా గుంటూరులోనే కనిపెట్టారని చిన్నప్పుడు మాస్టారు చెప్పారు. నిజమేనా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: ముప్పాతిక నిజం. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. సూర్యుడి అంచున లేచే మంటల కాంతిని పట్టకం గుండా చూశాడు. గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని ఆ మర్నాడే తేల్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లి అదే గ్రహణం చూశాడు. ఆ కాంతిలో ఒక పసుపు గీత ఉంది. చాలామంది దాన్ని సోడియం ఖాతాలో వేసేశారు. ఆ అక్టోబర్లో ఇంగ్లండులో లాక్యర్ గ్రహణం లేకుండానే మంటలను చూసి, అది సోడియం కాదని పట్టుకున్నాడు. గ్రీకులో సూర్యుడు హీలియోస్, దాన్నుంచి హీలియం. భూమ్మీద అది చేతికి చిక్కింది 1895లో, రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి తీశాడు. ద్రవం అయింది 1908 జులై 10న, హాలండ్‌లోని లైడెన్‌లో, కామర్లింగ్ ఓనెస్ చేతిలో. కాబట్టి అమ్మా, కనిపెట్టింది గుంటూరులో అని గట్టిగా అనలేం, కథ మొదలైంది మాత్రం మీ ఊరి ఆకాశంలోనే. కొత్త హీలియం సిలిండరు వచ్చిన ప్రతిసారీ తోటివాళ్లకు ఈ కథ చెప్పేవాణ్ని. పదోసారికి వాళ్లే నాకు చెప్పడం మొదలుపెట్టారు.

సవరణ: పోయిన నెల ఆల్మాలో 64 డిష్‌లు అని రాశాను. 66. 12 మీటర్లవి 54, 7 మీటర్లవి 12. మొదట్లో వాళ్లు వేసుకున్న ప్రణాళిక 64, నా బుర్రలో ఆ పాత కాగితమే మిగిలిపోయింది. పట్టుకున్న అనకాపల్లి పాఠకుడికి కృతజ్ఞతలు. పోస్టుకార్డు మీద ఎర్రసిరాతో అంత పెద్ద ఇంటూ మార్కు పెట్టకపోయినా అర్థమయ్యేది.